తవుడికి అమ్మిన బిడ్డ

ఆయమ్మ పోయిందన్న కబురు నాకు మార్కాపురం బస్టాండులో తెలిసింది. కొనకనమిట్ల బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె చెల్లెలి కూతురు ఎదురుపడింది. "పెద్దమ్మ పోయింది పంతులమ్మా. మొన్న మట్టి చేసినాం. నీకు కబురంపే తీరిక లేకపోయె" అంది. ఏం జబ్బని అడిగాను. "జబ్బేముంది, ఎండలు" అంది. ఎనభై దాటిన మనిషికి మా ఊరి ఎండలు చాలు, వేరే జబ్బు అక్కర్లేదు. నేను బస్సు ఎక్కలేదు. ఇంటికి తిరిగి వచ్చి, పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాను.

ఆమె పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు కూడా లేరు. ఇంజనీరు దొర బంగళాలో పిల్లల్ని సాకింది కాబట్టి ఊరందరికీ ఆయమ్మే. నాకు మాత్రం పెద్దమ్మ. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా ఇంకా మద్రాసు కింద ఉన్న రోజులవి. దొర రోడ్లూ వంతెనలూ వేయించేవాడు. నెలలో ఇరవై రోజులు గుడారాల్లోనే ఉండేవాడు. దొరసాని ఇద్దరు పిల్లలతో ఊరి బయట బంగళాలో ఒంటరిగా ఉండేది. నేను మిషను బడిలో పంతులమ్మను, ఇరవై రెండేళ్ళదాన్ని. సాయంత్రం బడి వదిలాక దొరసానికి తెలుగు చెప్పడానికి పోయేదాన్ని. ఆ బంగళా వరండాలోనే ఆయమ్మను చూశాను.

మొదట చూసింది ఆమె అరచెయ్యి. చంటివాడు ఉయ్యాలలో నిద్రపోతుంటే ఆమె పక్కన కూర్చుని గుడ్డలు మడత పెట్టుకునేది. ఉండి ఉండి లేచి, కుడి అరచెయ్యి వాడి ముక్కు ముందు పెట్టేది. వేళ్ళకు ఊపిరి తగిలాక గాని కూర్చునేది కాదు. నేను చెప్పే ఒక పాఠం అయ్యేలోగా అయిదారుసార్లు లేచేది. నాకు నవ్వొచ్చి ఒకనాడు, "ఏంది పెద్దమ్మా, ఊపిరికి హాజరు ఏస్తాండావా?" అన్నాను. ఆమె నవ్వలేదు. "మీ బళ్ళో పిల్లోడు ఈ పొద్దు రాకపోతే రేపొస్తాడు పంతులమ్మా. ఇది అట్ల గాదు" అంది. నేను పుస్తకంలో తల దూర్చాను.

ఆ పిల్లవాడు పాలమీగడ రంగులో ఉండేవాడు. ఆయమ్మ వాణ్ణి "నల్లోడా, చట్టిముక్కోడా" అనే పిలిచేది. అప్పుడే రంగుల పేర్లు నేర్చుకున్న దొరసాని తబ్బిబ్బై, నేను తప్పు చెప్పానేమోనని తన పుస్తకం తెచ్చి చూపించింది. పిల్లల్ని బాగున్నారంటే దిష్టి తగులుతుందనీ, అందుకే మేం తిట్టి ముద్దు చేస్తామనీ చెప్పాను. ఆమె అది శ్రద్ధగా రాసుకుంది. మర్నాడు నేను పోయేసరికి దొరసాని వరండాలో నిలబడి, "ఆయమ్మా, నల్లోడు పాలు తాగినాడా?" అని అడుగుతోంది. ఆయమ్మ నవ్వీ నవ్వీ గోడ పట్టుకుని కూలబడింది. ఆమె అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వాళ్ళిద్దరి మాటలు విని తీరాలి. ఆయమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. దొరసానికి తెలుగు వచ్చీరానిది. ఆయమ్మ తెలుగే కాస్త గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. దొరసాని ఇంగ్లీషులో జవాబు చెప్పేది. మధ్యలో నేను అర్థం చెప్పబోతే ఇద్దరూ విసుక్కునేవాళ్ళు. పిల్లలు తిన్నదీ, తాగిందీ, తుమ్మిందీ చెప్పుకోడానికి వాళ్ళకు నా చదువు అక్కర్లేదు. అయిదేళ్ళ పాప అయితే ఆయమ్మ తెలుగే మాట్లాడేది. "నాకొద్దు పో" అని ఆ నీలి కళ్ళ పిల్ల అంటుంటే మా గిద్దలూరు పిల్ల అన్నట్టే ఉండేది.

బయట నడిచేటప్పుడు ఆయమ్మ ఎప్పుడూ ఎండ వైపు నడిచేది, తన నీడ పిల్లల మీద పడేటట్టు. ఎండ తిరిగితే తనూ తిరిగేది. ఉయ్యాల తాడు ఎవరినీ దాటనిచ్చేది కాదు. సాయంత్రం ఇంటికి పోతూ "పోతా" అనేది కాదు, ఎంత చిన్న పనికి లేచినా "వస్తా" అనే లేచేది. ఆదివారం మిషను గుడి ప్రార్థనలో అందరికంటే గట్టిగా, అందరికంటే ఒక మాట వెనకగా పాడేది. ఇవన్నీ చూసి నేను ముసలిదాని చాదస్తం అనుకునేదాన్ని. నలభై అయిదేళ్ళ మనిషిని ముసలిది అనుకునే వయసు నాది.

చాదస్తానికి కారణం బంగళా వెనక ఉంది. దొరసానికి మగపిల్లలు ఇద్దరు పుట్టి, ఇద్దరూ ఏడాది నిండకుండా పోయారు. ఒకణ్ణి గుంతకల్లు మట్టిలో పెట్టారు. రెండోవాడు ఇక్కడే, వేపచెట్ల కింద చిన్న తెల్ల రాయి. ఈ నల్లోడు మూడోవాడు, అప్పటికి పదో నెల. వేసవిలో తెల్లవాళ్ళ ఆడవాళ్ళందరూ చల్లని కొండలకు పోతారు. ఆ ఏడు దొరసాని కదల్లేదు. రైల్లో చంటివాడికి ఏమవుతుందోనని ఆమె భయం. ఇక్కడుంటే ఏమవుతుందోనని ఆయమ్మ భయం. ఏడాది ఎప్పుడు నిండుతుందా అని ఇద్దరూ రోజులు లెక్కపెట్టుకుంటుండేవాళ్ళు. పైకి మాత్రం ఎవరూ ఆ మాట అనేవాళ్ళు కాదు.

చైత్రంలో మార్కాపురం తేరు. తిరునాళ్ళకు పిల్లల్ని తీసుకుపోతానని దొరసాని అన్నప్పుడు నేను సరిగా విన్నానో లేదో అనుకున్నాను. ఆమె ఇంగ్లీషులో అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "వీళ్ళు పుట్టింది ఈ దేశంలో. మా దేశం వీళ్ళకు బొమ్మల పుస్తకంలో ఉంది. ఈ దేశం గోడ అవతల ఉంది. రెండూ చూడకుండా పెరిగితే వీళ్ళు ఏ ఊరివాళ్ళవుతారు?" పాపకు రంగులరాట్నం చూపిస్తానని మాటిచ్చేసింది కూడా. పాప పది రోజులుగా నిద్రలో కూడా రాట్నం అంటోంది.

తేరు నాటి పొద్దున దొరసానికి చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. దొర కంభం అవతల ఎక్కడో గుడారంలో ఉన్నాడు. పాప రిబ్బను కట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఇంక ఆగిపోతుందిలే అని నేను లోపల్లోపల సంతోషించాను. ఇంతలో ఆయమ్మ మంచం దగ్గరికి పోయి, "నేను తీసుకపోయి తెస్తా దొరసానమ్మా. పంతులమ్మ తోడొస్తాది" అంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

దొరసాని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. సీసాలో కాచిన నీళ్ళు తప్ప ఏమీ తాగనివ్వకూడదు, ఎవరేమిచ్చినా తిననివ్వకూడదు, నెత్తిన టోపీ తీయకూడదు, దీపాలు పెట్టకముందే ఇంట్లో ఉండాలి. ఆ నాలుగూ నాతో రెండుసార్లు వల్లె వేయించింది. తిరునాళ్ళంటే వాంతుల జబ్బు అంటుకునే కాలం, ఆమె భయం ఊరికే కాదు. నా భయాలు నాకు వేరే ఉన్నాయి. మిషను బడి పంతులమ్మ తిరునాళ్ళలో కనిపిస్తే గుడి పెద్దలు ఏమంటారోనని, దొరసాని నన్నూ తోడు రమ్మన్నప్పుడు ముందునాడే మా పాస్టరు అయ్యగారిని అడిగి ఉంచాను. "పిల్లల కాపలాకు పో అమ్మా, తప్పు లేదు. చేతులు మాత్రం జోడించొద్దు" అన్నాడు ఆయన. ఆ ఒక్కటీ చెయ్యకపోతే చాలు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

బండిలో దారి పొడుగునా ఆయమ్మ ఒక చెయ్యి నల్లోడి మీద, ఒక చెయ్యి కింద పరిచిన గడ్డి మీద పెట్టుకుని కూర్చుంది. ఊరి మొదట్లో బండి విడిచాక గడ్డిలోంచి కొత్త చాట ఒకటి తీసి చంకలో పెట్టుకుంది. తిరునాళ్ళకు పోతూ చాట ఎందుకు తెచ్చుకుందో నాకు తట్టలేదు. అడగాలనీ అనిపించలేదు. నా దృష్టంతా పాప చేతి మీదే ఉంది.

జనం తేరును వదిలేసి మా పిల్లల్ని చూశారు. "తెల్లపిల్ల, చూడండే" అంటూ ఆడవాళ్ళు పాప బుగ్గలు పుణికి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకున్నారు. ప్రతి చెయ్యీ నాకు జబ్బు మోసుకొచ్చే చెయ్యిలాగే కనిపించింది. ఒక ముసలావిడ బెల్లం ముక్క పాప నోట్లో పెట్టబోతే నేను అడ్డం పడి అందుకుని, తినిపిస్తానని చెప్పి కొంగులో దాచేశాను. పాప రాట్నం ఎక్కింది. అది తిరిగినంతసేపూ నేను కింద నుంచి ఆమె చుట్టూ తిరిగాను. దిగాక ఆమెకు కళ్ళు తిరగలేదు గాని నాకు తిరిగాయి. "ఇంక చాలు, పోదాం పెద్దమ్మా" అన్నాను.

ఆయమ్మ వినలేదు. ఆమె రాట్నమూ చూడటం లేదు, గాజుల దుకాణాలూ చూడటం లేదు. దారిన పోయే ఆడవాళ్ళ వెనక ఎంతమంది పిల్లలు నడుస్తున్నారో చూస్తోంది. చివరికి ఒకామెను ఆపింది. పలకరాయి గనిలో కూలిపని చేసే మనిషి, కాళ్ళకు మోకాళ్ళ దాకా బూడిదరంగు పొడి. చంకన ఒక బిడ్డ, వెనక వరసగా ఆరుగురు.

"అందరూ నీ పిల్లలేనా అక్కా?"

"నా పిల్లలే. ఊరోళ్ళ పిల్లల్ని ఎందుకు తిప్పుకుంటా?"

"పుట్టినోళ్ళంతా నిలిచినారా?"

ఆమెకు అర్థమైంది. ఆయమ్మ చంకలోని చాటను చూసింది, చేతిలో తెల్లబిడ్డను చూసింది. "ఏడుగురు పుట్టినారు, ఏడుగురూ నిలిచినారు" అంది మెల్లగా.

అప్పుడు నాకూ అర్థమైంది. మా వైపు ఇది అందరికీ తెలిసిన ఆచారమే. వరసగా బిడ్డలు పోతే, తరవాత పుట్టినవాణ్ణి చాటలో వేసి, బిడ్డలు నిలిచిన తల్లికి గుప్పెడు తవుడికి అమ్ముతారు. కాసేపటికి అదే తవుడిచ్చి తిరిగి కొంటారు. అమ్మేసిన బిడ్డ కాబట్టి చావు వచ్చి ఆ తల్లి ఇంట్లో వెతికినా వాడు దొరకడు. తవిటయ్యలూ పుల్లయ్యలూ మా ఊళ్ళల్లో ఇట్లాంటి ఆచారాలతో నిలిచినవాళ్ళే. గుడిలో మాత్రం అది పెద్ద తప్పు.

పక్క సందులో మూసిన దుకాణం అరుగు దగ్గరికి నన్ను లాగి ఆయమ్మ చెప్పింది. "నాకు నలుగురు పుట్టినారు పంతులమ్మా. ముగ్గురు ఏడాది నిండకుండానే పోయిరి. నాలుగోదాన్ని అమ్మమని మా అత్త తలకాయ బాదుకునింది. అప్పటికే బాప్తిస్మం తీసుకొనుంటి. గుడి పెద్దలు తప్పన్యారు, నేను అమ్మలే. నాలుగేండ్లు పెంచినా దాన్ని. మాటలన్నీ వచ్చినంక పోయింది. ఆ పొద్దు వాళ్ళ మాట విన్నా. ఈ పొద్దు ఇనను. నీకు బయమైతే పాపను తీసుకొని బండి కాడికి పో."

నేను పోలేదు. ఎందుకు పోలేదో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాలుగేళ్ళ పిల్ల మాటలు విన్నట్టయిందో, బంగళా వెనక తెల్లరాయి గుర్తొచ్చిందో. చాట అరుగు మీద పెట్టాక, నల్లోడి నెత్తిన టోపీ తీసింది నేనే. గనిలో పనిచేసే ఆమె చంకలోని బిడ్డను పెద్దపిల్లకిచ్చింది. గేదెలకని తెచ్చుకున్న తవుడు మూటలోంచి ఇంకో పిల్ల గుప్పెడు పట్టుకొచ్చింది.

"ఈ బిడ్డ నాకొద్దక్కా, తీసుకో" అంది ఆయమ్మ.

"నీకొద్దంటే నాకియ్యి. నేను సాకుతా" అని ఆమె తవుడు ఆయమ్మ గుప్పిట్లో పోసి, చాట ఎత్తుకుంది.

అమ్మినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. కొన్నామె నాలుగడుగులు పోయి, "తవుడు తెచ్చుకో, బిడ్డను తీసుకపో" అని పిలిచాకే తిరగాలి. ఆయమ్మ గోడ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. మమ్మల్ని చూసి పాప కూడా తిరిగింది, ఇదేదో ఆట అనుకుని.

సరిగ్గా అప్పుడే తేరు కదిలింది. గోవిందా గోవిందా అన్న కేక వీధి వీధంతా ఒక్కసారి లేచింది. సందులో ఉన్నవాళ్ళందరూ తేరు వీధికి పరుగెత్తారు. మా వీపులకు భుజాలు తగిలాయి, మోచేతులు తగిలాయి. ఎవరో నా కాలు తొక్కారు. నేను పాపను గోడకు అదిమి నిలబడ్డాను. తిరగబోతే ఆయమ్మ నా మణికట్టు పట్టుకుంది. "తిరగొద్దు. ఆమె పిలవలే" అంది.

"ఈ గోలలో పిలిచినా ఇనబడదు పెద్దమ్మా!"

"పిలుస్తాది. తిరగొద్దు."

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఆ గోడకున్న సున్నం పెచ్చులు నాకు ఇప్పటికీ గుర్తే. ఆయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి వేడుకుందో నేను అడగలేదు. చివరికి నేనే తిరిగాను. సందు ఖాళీగా ఉంది. ఆమె లేదు, ఏడుగురు పిల్లలు లేరు, చాట లేదు. "తమ్ముడేడీ?" అంది పాప.

నిజం చెబుతున్నాను, నాకు మొదట గుర్తొచ్చింది నల్లోడు కాదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. దొరసాని కాలిపోతున్న చెయ్యి ఆ తరవాతే గుర్తొచ్చింది. పాపను చంకనెత్తుకుని తేరు వెనక పరుగెత్తాను. వేలమంది తలలు, అందులో ఒక చాట ఎక్కడని వెతకడం? ఎవరినడగాలి, ఏమని అడగాలి? తెల్లబిడ్డను అమ్ముకున్నాం, కొన్నామె కనబడలేదు అనా? పోలీసులకు చెప్పడానికి కూడా నోరు రాని పని చేశాం. ఆయమ్మ నా వెనకే వచ్చింది. ఎవరో తోస్తే చెయ్యి విడిపోయి గుప్పిట్లో తవుడు నేలపాలైంది. వంగి ఏరుకోబోయింది. జనం తొక్కేస్తారని నేను రెక్క పట్టుకుని లేపాను.

కాసేపటికి ఆమే నిలబడి, "పరుగెత్తితే దొరకదు. ఏడుగురు పిల్లల తల్లి తేరు కిందికి పోదు. ఎనక్కే పోయింటాది. బండి కాడికి" అంది. ఊరి బయట వందల బండ్లు విడిచి ఉన్నాయి. ఒక్కొక్క బండి కిందా వంగి చూసుకుంటూ పోయాం. ఎండ నడినెత్తిన ఉంది. పాప దాహమని ఏడుస్తోంది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. చింతతోపు చివర ఒక రాళ్ళబండి, చక్రాలనిండా బూడిదరంగు పలకపొడి. దాని నీడలో ఆమె కూర్చుని ఉంది. ఒడిలో ఒక వైపు తన బిడ్డ, ఇంకో వైపు మా నల్లోడు. ఇద్దరూ పాలు తాగుతున్నారు.

నేను అరిచాను. "ఏం పనిది? పాలెందుకిచ్చినావ్? దొరల బిడ్డ!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కొన్న బిడ్డను ఎండబెట్టుకోమంటావా? తేరు కదిలింది, తొక్కిసలాటైతాదని ఈడికొస్తి. ఏడిస్తే పాలిస్తి. నా బిడ్డ ఏడిస్తే ఏంజేస్తా?" అంది. తప్పంతా నాదేనన్నట్టు మొహం తిప్పుకుంది.

ఆయమ్మ ఆ బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. అరచెయ్యి ముక్కు ముందు పెట్టాల్సిన పని లేదు, వాడు గుటకలేస్తున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది. అయినా పెట్టి చూసుకుంది. తిరిగి కొనడానికి తవుడు లేదు. గుప్పిటి గీతల్లో చెమటకు అంటుకున్న నాలుగు పొట్టు రేణువులున్నాయి. అవి గోరుతో గీకి ఆమె చేతిలో రాల్చింది. "ఇంతే చాల్తాది. వీడు మాత్రం ఎంతని" అని నవ్వి ఆమె బిడ్డను ఇచ్చింది. "ఇంక వీడు తవిటోడు. పేరు మార్చొద్దు" అని కూడా చెప్పింది.

దీపాలు పెట్టకముందే ఇల్లు చేరాం. తరవాతి మూడు రోజులూ నేను అన్నం తినలేదు. జబ్బు అంటుకుంటే ఈలోపే బయటపడుతుందని తెలుసు. రోజూ బంగళా గేటు దగ్గర ఆగి, లోపల ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి వినేదాన్ని. నల్లోడికి ఏమీ కాలేదు. నాలుగోనాడు పాప వంటమనిషి ముందర, దొరసాని ముందర, తమ్ముణ్ణి ఉయ్యాల ఊపుతూ "తవిటోడు, మా తవిటోడు, తవుడికి అమ్మితిమి" అని పాడింది.

దొరసాని నన్ను పిలిపించి అడిగింది. అంతా చెప్పాను. ఆమె లేచి లోపలికి పోయింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. చాలాసేపటికి బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ పాలిచ్చినామెకు ఏడుగురు పిల్లలా?" అని తెలుగులోనే అడిగింది. అవునన్నాను. "ఏడుగురూ ఉన్నారా?" ఉన్నారన్నాను. దొరకు చెప్పవద్దని మాత్రం అంది.

కాని వంటమనిషి మా గుడికి వచ్చేవాడే, పెద్దల చెవిన వేశాడు. శనివారం మధ్యాహ్నం పెద్దలు కూర్చున్నారు. అన్యుల ఆచారం చేసినందుకు ఆదివారం అందరి ముందరా లేచి "తప్పయింది" అంటే చాలు, రొట్టె పంచే ప్రభు బల్లకు దూరం చెయ్యం అన్నారు. అయ్యగారు మెత్తగానే అడిగాడు. "ఒక్క మాట అమ్మా. అంటే అయిపోతుంది."

"ఇప్పుడనను అయ్యా" అంది ఆయమ్మ. ఎందుకంటే చెప్పలేదు.

తరవాత నా వైపు తిరిగారు. "నువ్వూ ఉంటివి గదా పంతులమ్మా, నువ్వేం చేసినావు?" అన్నాడు ఒక పెద్దమనిషి. బడి, జీతం, ఇంటి దగ్గర మా నాయన, అన్నీ ఒక్కసారి కళ్ళముందర తిరిగాయి. "వద్దని చెప్పినానయ్యా. ఆమె ఇనలేదు" అన్నాను.

ఆయమ్మ తల తిప్పి నన్ను చూసింది. నేను నేల చూశాను. "అవునయ్యా" అంది ఆమె. "పంతులమ్మ వద్దనే అనింది. నేనే ఇనలే."

నాలుగేళ్ళు ఆమె బల్లకు దూరంగా ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం, రొట్టె పంచే వేళకు లేచి బయటికి పోయేది. ఊరికే పోయేది కాదు. చంటిబిడ్డల తల్లులు నెమ్మదిగా రొట్టె తీసుకోవాలని వాళ్ళ బిడ్డలందరినీ ఎత్తుకుని పోయేది. ఒడిలో ఇద్దరు, వీపున ఒకడు, కాళ్ళ దగ్గర నలుగురు. లోపల మేం కళ్ళు మూసుకుని ఉంటే బయట నుంచి ఆమె జోల వినిపించేది. ఆ నాలుగేళ్ళూ నేను ప్రతి నెలా రొట్టె తిన్నాను.

నల్లోడికి ఏడాది నిండింది. రెండు, మూడు, నాలుగు నిండాయి. వాడి నాలుగో ఏట ఆయమ్మ నిద్ర మానేసిందని దొరసాని నాతో చెప్పింది. అయిదు నిండినరోజు బంగళాలో కేకు కోశారు. ఆ వచ్చే మొదటి ఆదివారం, రొట్టె పంచబోతుంటే ఆయమ్మ వెనక చాపమీద నుంచి లేచి నిలబడింది. "తిర్నాలలో నేను చేసింది తప్పయ్యా. తప్పయింది" అంది.

అయ్యగారు రొట్టె పళ్ళెం కింద పెట్టాడు. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడే తప్పంటే ఆ చేసినదాని పలం పోతాదేమోనని బయం. వాడు నిలిచినాడు. ఇప్పుడు నాకేం చేస్తారో చేయండి."

గుడిలో ఎవరూ నవ్వలేదు. అయ్యగారు తనే దిగి వెనక చాప దాకా పోయి రొట్టె ఇచ్చాడు. ఆమె రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు నమిలి తింది.

గుడి విడిచాక వాకిట్లో చెప్పులేసుకుంటుంటే ఆమె నా పక్కకు వచ్చింది. కోపం లేదు. పొయ్యి మీద పాలు పెట్టావు చూసుకో అని గుర్తు చేసినట్టే అంది. "నాది అయిపోయింది పంతులమ్మా. ఇంక నీదే ఉండాది." అని, "వస్తా" అని పోయింది.

దొర కుటుంబం ఆ ఏడే వాళ్ళ దేశం పోయింది. ఆయమ్మ ఆ తరవాత ముప్పై ఏళ్ళ పైన బతికింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పండగలకు నాకు జొన్నరొట్టెలు పంపింది. నేను బడికి పెద్ద పంతులమ్మనయ్యాను, గుడి ఆడవాళ్ళ సంఘానికి పెద్దనయ్యాను, తప్పు చేసినవాళ్ళను పిలిచి ఒక్క మాట అంటే అయిపోతుందని నేనే చెప్పాను. వచ్చే నెల గుడిలో లేచి నా తప్పు చెబుతానని ప్రతి నెలా అనుకున్నాను. ఆమె ఉండగానే చెప్పాల్సింది. నేను ఆమెను వద్దనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.